నోట మాట

చైతన్యపురి మెట్రో స్టేషన్ మెట్లు దిగి లోపలికి ఐదు నిమిషాలు నడిస్తే మా ఇల్లు. ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. మా తమ్ముడి కూతురు సూర్యాపేట నుంచి వచ్చి మా దగ్గరే ఉండి చదువుకుంటోంది. కోర్సు పేరు బీఏఎస్‌ఎల్‌పీ. వినికిడి శాస్త్రం ఒకటి, మాటకూ భాషకూ వచ్చే లోపాల శాస్త్రం ఒకటి, రెండూ కలిపిన డిగ్రీ అది. మూడేళ్ళు చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. రోజూ ఎల్బీనగర్ నుంచి వచ్చే రైలెక్కుతుంది, అమీర్‌పేటలో మారుతుంది, ప్యారడైజ్‌లో దిగి బస్సు పట్టుకుంటుంది.

ఒక రాత్రి అన్నాలయ్యాక తెల్లకాగితం తెచ్చుకొని నా పక్కన కూచుంది.

"పెద్దనాయినా, క్లినిక్‌కు వచ్చే తల్లులకు ఇచ్చేటందుకు తెలుగుల ఒక కాగితం రాయమన్నరు. మా పుస్తకంల స్పీచ్ వేరు, లాంగ్వేజ్ వేరు, వాయిస్ వేరు. తల్లులేమో అన్నిటికీ ఒక్కటే అంటరు, మాటలు వస్తలేవని. పైన ఏం పేరు పెట్టాలె?"

"మాట అని పెట్టు బిడ్డా."

"అది మరీ మామూలుగుంటది కదా?"

ఆ ప్రశ్న నన్ను వారం రోజులు వదల్లేదు. అటక మీది నిఘంటువులు దింపించాను. అంత మామూలు పదంలో ఏముందో ముప్పై ఏళ్ళలో ఒక్క తరగతిలోనూ చెప్పలేదే అని బాధ కూడా కలిగింది. ఆ వారంలో తేలిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ తల్లులు అనే వాక్యమే చూద్దాం. మన పిల్లలకు పళ్ళు వస్తాయి, నడక వస్తుంది, మాటలు వస్తాయి. కాస్త ఎదిగాక ఈత వస్తుంది, సైకిలు వస్తుంది. ఏదీ మనం వెళ్ళి పట్టుకొచ్చినట్టు ఉండదు, తనంత తాను నడిచి మన గుమ్మంలోకి వచ్చినట్టు ఉంటుంది. "వీడికి ఇంకా మాటలు రాలేదండీ" అనే తల్లి గొంతులో గుమ్మంవైపు చూసే ఎదురుచూపు అందుకే వినిపిస్తుంది. పిల్లల విషయంలో ఎప్పుడూ బహువచనమే, మాటలు. పెద్దవాళ్ళకు పక్షవాతం వచ్చినప్పుడు మాత్రం ఏకవచనం: మాట పడిపోయింది. ఒక్కొక్కటిగా వచ్చినవన్నీ పోయేటప్పుడు ఒక్కటిగా పోతాయి.

నాతో పనిచేసిన లెక్కల మాస్టారుకు ఆరేళ్ళ కిందట కుడి చేయి, కుడి కాలు, మాట ఒకే తెల్లవారుజామున పడిపోయాయి. చూడ్డానికి ఎల్బీనగర్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. నన్ను గుర్తుపట్టారు, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్నారు. పేరు పెట్టి పిలవబోయి నోరు తెరిచారు, రాలేదు. మంచం పక్కన చెంబు ఉంది. ఎడమ చేత్తో దాన్ని చూపించారు. నీళ్ళు అనే రెండక్షరాల మాట కోసం పెదాలు ఎంత కష్టపడ్డాయో కళ్ళారా చూశాను. అప్పుడు వాళ్ళావిడ "ఆదివారం..." అని అందించింది. ఆయన సోమవారం నుంచి శనివారం దాకా గడగడా చెప్పేశారు. ఒక వేమన పద్యం మొదటి పదం అందిస్తే నాలుగు పాదాలూ తప్పు లేకుండా చదివారు. నేను సంతోషపడ్డాను. ఆవిడ మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకుని "పద్యం చదువుతరు గనీ నాతోని మాట్లాడరు" అంది.

ఆ వాక్యం ఎంత కచ్చితమైనదో అప్పుడు నాకు తెలియలేదు.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు, ఏళ్ళ తరబడి 'టాన్' అన్న ఒక్క శబ్దం తప్ప దాదాపు ఏమీ పలకలేక చనిపోయిన రోగి మెదడును పరీక్షించాడు. ఎడమ సగం ముందుభాగంలో దెబ్బ కనిపించింది. మెదడులో ఆ ఎడమ సగమే మనిషి కుడి చేతినీ కుడి కాలినీ ఆడిస్తుంది. అందుకే కుడివైపు పక్షవాతంతో మాట పోవడం ఎక్కువ. 1864లో ట్రూసో అనే మరో ఫ్రెంచి వైద్యుడు ఈ స్థితికి గ్రీకు నుంచి అఫేసియా అని పేరు తెచ్చాడు. మన పల్లెల్లో బ్రోకాను ఎరగనివాళ్ళు కూడా చేతికీ కాలికీ మాటకూ ఒకే క్రియ వాడారు, పడిపోవడం అని. ఒకే దెబ్బకు కూలినవాటికి ఒకే క్రియ.

మా అమ్మాయి తన పుస్తకంలోని అధ్యాయాల పేర్లు చదువుతూ పోతే, నేను పక్కన మన మాటలు రాస్తూ పోయాను. నత్తి, ముద్దమాట, ముక్కుమాట, గొంతు బొంగురు, మాట తడబడటం, మాట పడిపోవడం. దాదాపు ప్రతి అధ్యాయానికీ మన ఇళ్ళల్లో ఒక మాట ఉంది. ముక్కుమాట అంటే అంగిలి చీలిన బిడ్డ మాట అని ఆమెకు వెంటనే అర్థమైంది. మంత్రసానులూ అమ్మమ్మలూ చెవితో పట్టుకున్న తేడాలు ఇవి.

ఇక మాట అనే పదం పుట్టుక. మారు అనే క్రియను పాత పుస్తకాల్లో బండి ఱతో మాఱు అని రాసేవారు. ఈ ఱకు ఒక గుణం ఉంది. విభక్తి చేరేటప్పుడు టగా మారిపోతుంది. నోఱు ఉంది, నోట అంటాం. నూఱు ఉంది, నూట పదహార్లు అంటాం. ఏఱు ఉంది, ఏటి ఒడ్డు అంటాం. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఇలాంటి వాటిని ఔపవిభక్తికాల కింద చెప్పాడు. మాఱు పక్కన మాట నిలబడేది కూడా ఈ ధ్వనుల చుట్టరికంతోనే. పొరుగు భాషలను కలుపుకుని చూస్తే ఇంకా తేటగా కనిపిస్తుంది. తమిళంలో సుఱ్ఱు, కన్నడంలో సుత్తు, తెలుగులో చుట్టు. తమిళంలో పుఱ్ఱు, కన్నడంలో పుత్తు, తెలుగులో పుట్ట. అదే వరసలో తమిళంలో మాఱ్ఱం, కన్నడంలో మాతు, తెలుగులో మాట. ముందు దీర్ఘం ఉంటే తెలుగు ఆ జంట టకారాన్ని ఒంటి టగా చేసుకుంటుంది, తమిళుల తోట్టం మనకు తోట అయినట్టు, పాట్టు పాట అయినట్టు. బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు 1961లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు తెచ్చాక ఇలా ఇరుగుపొరుగు భాషలను పక్కపక్కన పెట్టి చూసుకోవడం నాలాంటి బడిపంతులుకు కూడా సాధ్యమైంది.

తమిళ మాఱ్ఱానికి ఇవాళ మార్పు అని అర్థం. పాత సాహిత్యంలో మాట అని, బదులు అని అర్థాలున్నాయి. అంటే మాట పుట్టుకలోనే మారకం ఉంది. నా నోట వెలువడిన ధ్వని నీ దగ్గరికి చేరి, బదులుగా నీ దగ్గర్నుంచి ఇంకొకటి నాకు అందితే, ఆ ఇచ్చిపుచ్చుకోవడానికి పేరు మాట.

ఈ వ్యుత్పత్తి పట్టుకొని వీధిలోకి వెళ్ళినప్పుడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఈ మారు కుటుంబమే నాకు ఎదురైంది. కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారం తరలిపోయింది గానీ, ఆ రోడ్డు మీద మారుబేరం చేసుకునే బండ్లు ఇంకా ఉన్నాయి. విదేశీ చదువుల కన్సల్టెన్సీల మెట్ల దగ్గర పిల్లలు డాలరు మారకం ఎంతని అడుగుతుంటారు. రైలు మారడం సరేసరి. మారుపేరు, మారువేషం, ఒకమారు, మరోమారు, అన్నిటా ఒకటి పోయి ఇంకొకటి రావడమే. మాట్లాడు అనే క్రియ కూడా ఇదే సాక్ష్యం చెబుతుంది. మాటలు, ఆడు కలిసి మాట్లాడు అయింది. కన్నడిగులూ మాతాడు అంటారు. మన భాషలో దాని పక్కన కూర్చునేవి పోట్లాడు, కొట్లాడు. ఒక్కడే గదిలో కూర్చుని పోట్లాడుతున్నాడు అనలేం. పోట్లాటకు ఇద్దరు కావాలి, మాట్లాటకూ ఇద్దరు కావాలి.

లెక్కల మాస్టారు ఇంటావిడ అన్న మాట నాకు అప్పుడు పూర్తిగా అందింది. పద్యం ఆయన నోట వస్తోంది. ఆవిడతో మారకం జరగడం లేదు. వారాల పేర్లు, అంకెలు, కంఠతా వచ్చిన పద్యాలు, ప్రార్థనలు, పాటలు చాలామందిలో మిగిలిపోతాయని మా అమ్మాయి చెప్పింది. అలవాటుగా వచ్చే మాట వేరు, అవసరానికి కూర్చుకునే మాట వేరు. రాగంతో మాటను తిరిగి రప్పించే పద్ధతి ఒకటి 1970లలో అమెరికాలో తయారైందట. 'నీళ్ళు కావాలి' అన్నదాన్ని రెండు స్వరాల మీద పాడిస్తూ, ఎడమ చేత్తో తాళం వేయిస్తూ, మెల్లగా రాగాన్ని తగ్గిస్తూ వస్తారు.

మా పైవాటాలో దేవరకొండ నుంచి వచ్చిన కుటుంబం ఉంటుంది. వాళ్ళ బాబుకు మూడేళ్ళు నిండాయి. "నీ పేరేంది?" అంటే "నీ పేరేంది?" అంటాడు. "అన్నం తింటవా?" అంటే "అన్నం తింటవా?" అంటాడు, అదే స్వరంతో, అదే సాగదీతతో. వాళ్ళ నాయనమ్మ "మంచిగనే మాట్లాడుతుండు కదా" అనుకుంది చాలాకాలం. మన మారు కుటుంబంలోనే ఈ తేడాకు రెండు పదాలున్నాయి. కొండకు అరిస్తే వచ్చేది మారుమోత. మనిషి ఇచ్చేది మారుమాట. బాబు దగ్గర మారుమోత ఉంది, మారుమాట లేదు. ఇంగ్లీషులో దీన్ని ఎకోలేలియా అంటారు. అయితే మారుమోతను తప్పుగా, మాన్పించాల్సిన అలవాటుగా చూడొద్దని ఇప్పటి శాస్త్రం అంటోందని మా అమ్మాయి చెప్పింది. "వాడు పట్టుకుంటుండు పెద్దనాయినా, తిరిగి ఇచ్చుడు నేర్వాలె, అంతే."

వాడి చికిత్స వేరేచోట పెద్దవాళ్ళ చేతిలో నడుస్తోంది. ఇంటి దగ్గర ఈమె చేసేది ఆట మాత్రమే. ఆదివారం పొద్దున వరండాలో ఒక స్టీలు గిన్నె, గుప్పెడు చింతగింజలు పెట్టుకుంటుంది. తానొక గింజ గిన్నెలో వేస్తుంది, టంగుమంటుంది. వాడి చేతికొక గింజ ఇస్తుంది, వాడు వేస్తాడు. నేను, నువ్వు. నేను, నువ్వు. నెలరోజులు ఇదే చూశాను, నోటితో ఏమీ నేర్పినట్టు కనిపించలేదు. ఒక ఆదివారం తన వంతు వచ్చినప్పుడు గింజను గిన్నె మీద ఎత్తి పట్టుకుని ఆగిపోయింది. బాబు గిన్నె వంక చూశాడు. ఆమె చేతి వంక చూశాడు. తర్వాత ఆమె ముఖంలోకి చూశాడు. వంటింట్లో కుక్కర్ కూసింది, ఆమె కదల్లేదు. నాకే ఊపిరాడలేదు. చివరికి వాడు "వెయ్" అన్నాడు.

అది ఎవరి మాటకూ మారుమోత కాదు. అంతకుముందు ఎవరూ వెయ్ అనలేదు. గింజ గిన్నెలో పడింది. మెట్ల మీద నిలబడి చూస్తున్న వాళ్ళమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆ ఆగడం గురించి నేను చాలా ఆలోచించాను. ప్రపంచంలోని పది భాషలను పోల్చి 2009లో ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. అందులో తెలుగు లేదు, అయినా చెప్పుకోదగ్గది. ఒకరు ప్రశ్న ముగించడానికీ ఇంకొకరు జవాబు అందుకోవడానికీ మధ్య విరామం సగటున సెకనులో ఐదో వంతేనట. పెద్దవాళ్ళ మారకం అంత వేగంగా నడుస్తుంది. మాట ఇంకా రాని బిడ్డకు ఆ వేగం అందదు. మనం అడిగి, వాడు తడుముకుంటుండగానే మనమే జవాబు చెప్పేసి, ఇంకో ప్రశ్న వేస్తాం. వాడి వంతు వాడికి రానే రాదు. ఇంకొకటి కూడా చెప్పాలి. మారుమాట అనే చక్కని పదాన్ని మన ఇళ్ళల్లో దేనికి వాడుకున్నాం? "మారుమాటాడకుండా పో", "నాకే మారుచెబుతావా" అని పిల్లల నోరు మూయించడానికి వాడుకున్నాం. బడిలో నేనూ వాడాను. ఆ పదానికి అన్యాయం చేశామని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆ బాబు విషయంలో మనసు కష్టపెట్టిన సంగతి ఒకటి జరిగింది. మొదట తీసుకెళ్ళిన ఒకచోట, ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడమన్నారట, రెండు భాషలైతే బిడ్డ తికమక పడతాడని. తల్లి పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివింది. ఆమెకు వచ్చిన ఇంగ్లీషు కమ్, గో, ఈట్, సిట్. నాలుగు నెలలు ఆ నాలుగు మాటలతోనే బిడ్డను పెంచింది. జోలపాట మానేసింది. కథలు మానేసింది. మాటకోసం వెళితే ఇంట్లో తల్లి మాట కూడా పోయింది. రెండు భాషల మధ్య పెరగడం వల్ల మాట ఆలస్యం కాదని పరిశోధనలు పదే పదే చెబుతున్నాయి. బిడ్డకు కావలసింది ఎదుటి మనిషి నిండుగా మాట్లాడగలిగే భాష. దేవరకొండ తల్లికి అది దేవరకొండ తెలుగు.

ఇక్కడే తెలుగు మాస్టారుగా నేనొక మాట గట్టిగా చెప్పాలి. ఎల్బీనగర్ చౌరస్తా నల్గొండకు, ఖమ్మానికి, విజయవాడకు వెళ్ళే దారి. ఈ కాలనీల్లో అన్ని జిల్లాల తెలుగులూ ఒకే అపార్ట్‌మెంట్ మెట్లెక్కుతాయి. బిడ్డ 'కల్లు' అంటే కళ్ళో కల్లో, 'పానం' అంటే ప్రాణమో పానమో, ఇంటివాళ్ళు ఎలా పలుకుతారో వినకుండా తేల్చకూడదు. ళను లగా, ణను నగా పలికే ఇళ్ళు లక్షలున్నాయి. అది యాస, జబ్బు కాదు. వ్యాకరణం పుస్తకంలో తప్పు అని ఎర్రసిరా పెట్టినట్టు వైద్యుడి కాగితంలో లోపం అని రాస్తే, మంచి బిడ్డ రోగి అయిపోతాడు. నేను ఎర్రసిరా ఎక్కువే వాడాను, కాబట్టి మా అమ్మాయికి ఈ ఒక్కటి మళ్ళీ మళ్ళీ చెప్పాను.

చదువు సంగతికి వస్తాను. మా చెల్లెలి మనవరాలు న్యూజెర్సీలో ఇదే విద్యలో చేరింది. అక్కడ మాట వైద్యం చేయాలంటే మాస్టర్స్ ఉండాలి. మామూలుగా నాలుగు, రెండు కలిపి ఆరేళ్ళు. ఆమె చేరింది డిగ్రీనీ మాస్టర్స్‌నూ కలిపి ఐదేళ్ళలో ముగించే కోర్సు. ఇక్కడ మన అమ్మాయి నాలుగేళ్ళలో చదువు ముగించి, భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేసుకుని పని మొదలుపెట్టవచ్చు. ఆ మండలికి 1992 చట్టంతో చట్టబద్ధత వచ్చింది. ఇద్దరూ వీడియో కాల్‌లో ఎవరిది త్వరగా అవుతుందని లెక్కలు వేసుకుంటుంటే విన్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో పుట్టిన ప్రశ్నే అది. ఇక్కడ గోడగోడకూ తొంభై రోజుల్లో, నలభై ఐదు రోజుల్లో అని కోచింగ్ పోస్టర్లుంటాయి. త్వరగా ముగిసే చదువు మీద నాకు చిన్నచూపు లేదు. ఏడాది ఫీజు, ఏడాది హాస్టలు ఖర్చు మిగలడం మధ్యతరగతి ఇంటికి చిన్న విషయం కాదు. కానీ ఆ ఐదేళ్ళ కోర్సులో తగ్గించేది రెండు డిగ్రీలకూ ఉమ్మడిగా లెక్కపెట్టే తరగతులనే. రోగుల దగ్గర గడపాల్సిన గంటలను తగ్గించరు. అమెరికాలో ఈ వృత్తివాళ్ళ సంఘం ఇచ్చే సర్టిఫికెట్‌కు నాలుగు వందల గంటలు, అందులో 25 గంటలు చూడటం, 375 గంటలు స్వయంగా చేయడం. ఆ తర్వాత కనీసం 36 వారాలు పెద్దవాళ్ళ కనుసన్నల్లో పని. చింతగింజ గిన్నె మీద ఎత్తి పట్టుకుని ఆగడం ఆ గంటల్లోనే వస్తుంది.

మన డిగ్రీలో కలిపినవి వేరు. అమెరికాలో వినికిడి ఒక దారి, మాట ఒక దారి. వినికిడి వైద్యానికి ఏకంగా డాక్టరేట్ కావాలి. మన దగ్గర డిగ్రీ స్థాయిలో రెండూ ఒకే విద్యార్థి చేతిలో పెడతారు. మైసూరులో 1960లలో వెలసిన జాతీయ సంస్థ పేరే వాక్ శ్రవణ సంస్థ. ముంబైలో 1983లో పెట్టిన వినికిడి సంస్థకు అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. ఆయన హైదరాబాదువాడే, ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా, మహారాష్ట్ర గవర్నరుగా చేశారు. ఆ సంస్థ దక్షిణాది కేంద్రం మన సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఉంది. వాక్కు అనే సంస్కృత పదం ఎంత గొప్పదైనా అది ఒక నోటి నుంచి వెలువడి ఆగగలదు. దేవతకూ ఉంటుంది, శాపానికీ ఉంటుంది. అందుకే పక్కన శ్రవణం అని ఇంకో పదం చేర్చాల్సి వచ్చింది. తెలుగు మాటలో చెవి ముందునుంచే ఉంది, వినేవాడు లేని మారకం లేదు కాబట్టి. ఇది విన్నాక మా అమ్మాయి "అయితే మా డిగ్రీ పేరంతా ఈ రెండక్షరాలల్లనే ఉన్నది" అంది.

కాగితం మీద పేరు మాట అనే పెట్టాం. కింద ఆమె చెప్పినవి నేను తెలుగులో రాశాను. మీ ఇంట్లోనో పక్కింట్లోనో అవసరం ఉంటుందని ఇక్కడా రాస్తున్నాను. ఏడాదిన్నర నిండినా బిడ్డ ఒక్క మాటా అనకపోతే, రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోతే, వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయని ఊరుకోకండి. ముందు చెవులు పరీక్ష చేయించండి. కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో చేస్తారు. మీ ఇంటి తెలుగు మానకండి. బిడ్డను ఒకటి అడిగాక మనసులో పది అంకెలు లెక్కపెట్టుకోండి, ఆ పదిలోపు మీరు మాట్లాడకండి.